బస ఇచ్చే రైతు, చట్టం ఎరిగిన విద్యార్థి: పర్యాటక, ఆతిథ్య విద్యలో న్యాయ భావనల బోధన

రైతు తన మామిడి తోటలో రెండు గదులు నిర్మించి, నగరం నుండి వచ్చిన కుటుంబానికి ఒక రాత్రి బస కల్పించి, అందుకు రుసుము తీసుకున్న క్షణం నుండి చట్టం దృష్టిలో అతని స్థితి మారిపోతుంది. అంతవరకు అతడు భూమి యజమాని, పంట పండించే వ్యక్తి, ఇంటికి వచ్చిన బంధువుకు అన్నం పెట్టే గృహస్థు. ఆ తరువాత అతడు సేవను విక్రయించే వ్యాపారి. ఈ మార్పు కంటికి కనబడదు. గది అదే, బావి అదే, పెరటిలోని గేదె అదే. కాని బావి గట్టున కాలుజారి పడినది బంధువైతే అది కుటుంబానికి కలిగిన దుఃఖం; పడినది రుసుము చెల్లించిన అతిథి అయితే అది న్యాయస్థానంలో సమాధానం చెప్పవలసిన ప్రశ్న.

అరకు లోయలోని కాఫీ తోటలు, మారేడుమిల్లి అడవి అంచులు, కోనసీమ కొబ్బరి తోటలు, వికారాబాద్ పరిసరాల పొలాలు నేడు పంటతో పాటు పర్యాటకులనూ ఆకర్షిస్తున్నాయి. మహారాష్ట్ర 2020లోనే వ్యవసాయ పర్యాటకానికి ప్రత్యేక విధానాన్ని ప్రకటించింది. పంట ధర పడిపోయిన సంవత్సరంలో అతిథి గది అద్దె రైతుకు ఊతమిస్తుందన్న ఆలోచన సమంజసమైనదే. అయితే ఈ వ్యాపారానికి సలహాదారులుగా, నిర్వాహకులుగా వెళ్లవలసిన పర్యాటక, ఆతిథ్య విద్యార్థులకు చట్టాన్ని బోధిస్తున్న తీరు ఈ అవసరానికి సరిపోవడం లేదు. చట్టం వారికి చాలావరకు పేర్లు, సంవత్సరాలు, లైసెన్సుల జాబితాగానే అందుతున్నది. ఏ శాఖ నుండి ఏ అనుమతి తీసుకోవాలో విద్యార్థి వరుసగా చెప్పగలడు. అన్ని అనుమతులూ ఉన్న యజమాని కూడా ఎందుకు నష్టపరిహారం చెల్లించవలసి వస్తుందో చెప్పలేడు. లైసెన్సు వ్యాపారం ప్రారంభించడానికి అర్హతను మాత్రమే ఇస్తుంది. అతిథి పట్ల బాధ్యతను తీర్చదు. ఆ బాధ్యతకు మూలమైన భావనలు స్వల్ప సంఖ్యలోనే ఉన్నాయి. వాటిని అతిథి ప్రయాణ క్రమంలో, అనగా గది మాట్లాడుకోవడం మొదలు తిరిగి వెళ్లే వరకు, దశలవారీగా బోధించడం ప్రయోజనకరం.

మాట ఒప్పందమయ్యే తీరు

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం, చట్టం ద్వారా అమలు చేయదగిన ఒడంబడికే కాంట్రాక్టు. ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం, స్వేచ్ఛాసమ్మతి, అర్హత గల పక్షాలు, చట్టబద్ధమైన ఉద్దేశం అన్న అంశాలను విద్యార్థులు కంఠస్థం చేస్తారు. కాని స్టాంపు కాగితం లేకపోయినా, ఫోనులో జరిగిన సంభాషణ, వాట్సాప్‌లో పంపిన గది ఫోటో, యూపీఐలో అందిన బయానా కలిసి ఒక కాంట్రాక్టు కాగలవన్న సంగతి వారి మనస్సుకు హత్తుకోవడం లేదు. ఫోటోలో కనిపించిన గది ఒకటి, ఇచ్చిన గది మరొకటి అయితే అది కేవలం అతిథి అసంతృప్తి కాదు. అది తప్పుడు నివేదన, ఉద్దేశపూర్వకమైతే మోసం.

వ్యవసాయ పర్యాటకంలో ఈ అంశం 'సేంద్రియ భోజనం' అన్న ప్రకటన వద్ద తరచుగా ఎదురవుతుంది. సేంద్రియ ఆహారానికి సంబంధించి 2017లో రూపొందిన నిబంధనలు ఎన్.పి.ఓ.పి. లేదా పి.జి.ఎస్.-ఇండియా ధ్రువీకరణను ప్రాతిపదికగా తీసుకుంటాయి. నేరుగా వినియోగదారునికి అమ్మే చిన్న ఉత్పత్తిదారునికి కొంత మినహాయింపు ఉన్నప్పటికీ, చెప్పిన మాట నిజమై ఉండాలన్న నియమానికి మినహాయింపు లేదు. వరి మాత్రమే సేంద్రియ పద్ధతిలో పండించి, కూరగాయలు సంతలో కొనే రైతు 'మా బియ్యం సేంద్రియం' అని చెప్పవచ్చును. 'మా భోజనం సేంద్రియం' అని చెప్పరాదు. ఈ తేడాను గుర్తించి ప్రకటన వాక్యాన్ని సరిదిద్దగల విద్యార్థి ఆ రైతుకు నిజమైన సహాయం చేసినవాడవుతాడు.

బయానా విషయంలోనూ ఇదే స్పష్టత అవసరం. 'ఎట్టి పరిస్థితులలోనూ సొమ్ము తిరిగి ఇవ్వబడదు' అన్న వాక్యం రశీదుపై ముద్రించినంత మాత్రాన అన్ని సందర్భాలలోనూ చెల్లదు. ఒప్పందాన్ని ఉల్లంఘించిన పక్షం నుండి ముందుగా రాసుకున్న మొత్తానికి మించకుండా సహేతుకమైన పరిహారం మాత్రమే లభిస్తుందని 74వ సెక్షన్ చెబుతున్నది. తుపాను వలన ఘాట్ రోడ్డు మూసుకుపోయి ప్రయాణమే అసాధ్యమైనప్పుడు పరిస్థితి మరొకటి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను అరకు ప్రాంతపు కాఫీ తోటలలోని నీడ చెట్లను కూల్చివేసింది. అటువంటి స్థితిలో ఏ పక్షం తప్పూ లేకుండానే ఒప్పందం నెరవేర్చలేనిదైతే 56వ సెక్షన్ ప్రకారం అది శూన్యమవుతుంది. అప్పటికే పొందిన లబ్ధిని తిరిగి ఇవ్వాలని 65వ సెక్షన్ సూచిస్తుంది. తుపానుల తీరంలో బస వ్యాపారం చేసేవారికి ఈ రెండు సెక్షన్లు పంట బీమా షరతులంత ముఖ్యమైనవి.

పాఠశాలల పొలం సందర్శనలు పెరుగుతున్నందున మైనర్ల విషయాన్ని కూడా ప్రస్తావించాలి. మైనరు చేసిన ఒప్పందం మొదటి నుండీ చెల్లదని 1903లో ప్రివీ కౌన్సిల్ మోహొరీ బీబీ కేసులో తేల్చింది. కనుక 'ప్రమాదం జరిగితే బాధ్యత మాదే' అని విద్యార్థులచే సంతకాలు చేయించుకున్న పత్రం యజమానికి రక్షణ కాజాలదు.

గడప వద్ద సమానత్వం

ఇంటికి ఎవరిని ఆహ్వానించాలన్నది గృహస్థుని ఇష్టం. రుసుముపై బస ఇచ్చే స్థలానికి ఆ స్వేచ్ఛ అదే రూపంలో ఉండదు. రాజ్యాంగంలోని 15(2) అధికరణం ప్రకారం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం అన్న కారణాలతో మాత్రమే ఏ పౌరునికీ దుకాణాలు, భోజనశాలలు, హోటళ్లు, ప్రజా వినోద స్థలాలలో ప్రవేశాన్ని నిరాకరించరాదు. ప్రాథమిక హక్కులలో అధిక భాగం ప్రభుత్వాన్ని కట్టడి చేస్తే, ఈ నిబంధన ప్రైవేటు వ్యక్తిని కూడా నేరుగా కట్టడి చేస్తుంది. 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసింది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అస్పృశ్యత కారణంగా ప్రవేశాన్ని నిరాకరించడాన్ని శిక్షార్హమైన నేరంగా పరిగణిస్తుంది. అందులో 'హోటల్' అన్న పదం బోర్డింగు గృహాలకు, లాడ్జింగులకు, కాఫీ హోటళ్లకు కూడా వర్తిస్తుంది.

పల్లెలో ఈ పాఠం కేవలం పుస్తక విషయం కాదు. టీ దుకాణాలలో రెండు గ్లాసుల పద్ధతి తెలుగు నేలకు కొత్త కాదు. గది అడిగిన అతిథిని ఇంటిపేరు, ఊరు, ఆ పైన 'మీరేమిటోళ్లు' అని విచారించడం కొందరికి పలకరింపులో భాగమే. ఇంటి వసారాలో వినిపించే ఆ ప్రశ్నకు జవాబు విన్న తరువాత 'గదులు ఖాళీ లేవు' అన్న మాట వస్తే, అది మర్యాదలోపం స్థాయిని దాటి చట్టవిరుద్ధమవుతుంది. 'వంట మా ఇంటిలోనే, కనుక మా ఆచారమే' అన్న వాదనకు భోజనాన్ని విక్రయించే చోట బలం ఉండదు. ఆతిథ్య విద్య ఈ అంశాన్ని దాటవేస్తే, ఆతిథ్యమన్న పదానికే అర్థం లోపిస్తుంది.

గుర్తింపు వివరాలు సేకరించడం వేరు, వివక్ష చూపడం వేరు అన్న తేడాను కూడా ఇక్కడే వివరించాలి. అతిథి పేరు, చిరునామా, గుర్తింపు పత్రం నమోదు చేయడం యజమాని విధి. విదేశీ అతిథి బస చేసినప్పుడు, చిరకాలంగా 'ఫారం-సి' పేరుతో ప్రసిద్ధమైన సమాచారాన్ని 24 గంటల లోపు అధికారులకు అందజేయాలి. రెండు గదుల గృహవసతికి కూడా ఈ బాధ్యత ఉంటుంది. 2025 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చిన వలస, విదేశీయుల చట్టం పాత చట్టాల స్థానాన్ని తీసుకున్నందున బోధకులు పాత పాఠ్యపుస్తకాలపైనే ఆధారపడరాదు.

శ్రద్ధ అన్న కొలమానం

ఆతిథ్య చట్టానికి హృదయం శ్రద్ధాబాధ్యత. స్కాట్లాండులోని పైస్లీ పట్టణంలో 1928లో ఒక మహిళ కాఫీ హోటల్లో తాగిన జింజర్ బీరు సీసాలో కుళ్లిన నత్త ఉన్నదన్న ఆరోపణతో మొదలైన కేసులో, 1932లో బ్రిటిష్ హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆధునిక నిర్లక్ష్య సిద్ధాంతానికి పునాది వేసింది. ఆ పానీయాన్ని కొన్నది ఆమె స్నేహితురాలు. తయారీదారుతో ఆమెకు ఎటువంటి ఒప్పందమూ లేదు. అయినా, తన చర్య వలన ఎవరికి హాని కలుగుతుందో సహేతుకంగా ఊహించగలిగినప్పుడు వారి పట్ల జాగ్రత్త వహించాలన్న సూత్రం స్థిరపడింది.

ఈ సూత్రం భారతదేశంలో హోటళ్లకు ఎంత దూరం విస్తరిస్తుందో ఢిల్లీ హైకోర్టు 1997 నాటి తీర్పు చూపింది. జర్మనీ విమానయాన సంస్థకు చెందిన ఒక సహ పైలట్ 1972లో ఢిల్లీలోని ఐదు నక్షత్రాల హోటల్ ఈతకొలనులో డైవింగ్ బోర్డు నుండి దూకి, తల అడుగుకు తగిలి పక్షవాతానికి గురయ్యాడు. బస ఏర్పాటు చేసినది అతని సంస్థ. అయినా అతనిపట్ల హోటలుకు బాధ్యత ఉన్నదని, అధిక రుసుము వసూలు చేసే హోటలుకు శ్రద్ధా ప్రమాణం కూడా అధికమని న్యాయస్థానం భావించి 50 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. అయితే వాది 1985లోనే మరణించాడు. అతని మరణంతో దావా హక్కు ముగిసిందన్న కారణంపై అప్పీలులో ఆ డిక్రీ నిలవలేదు. న్యాయం ఆలస్యమైతే సిద్ధాంతం నిలిచినా మనిషికి దక్కేది ఏమీ ఉండదన్న చేదు నిజాన్ని కూడా ఈ కేసు బోధిస్తుంది. ప్రమాదాన్ని ముందే నివారించడమే అసలైన ఆతిథ్య న్యాయమనడానికి ఇంతకంటె బలమైన నిదర్శనం అక్కరలేదు.

తెలుగువారికి మరింత సన్నిహితమైన ఉదాహరణ బియాస్ నది. 2014 జూన్ 8న హైదరాబాదుకు చెందిన ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు విహారయాత్రలో హిమాచల్ ప్రదేశ్‌లోని లార్జీ ఆనకట్ట దిగువన నదిలోకి దిగినప్పుడు, పైనుండి విడుదలైన నీటికి 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. 2016లో ఆ రాష్ట్ర హైకోర్టు ఒక్కొక్క విద్యార్థి తల్లిదండ్రులకు 20 లక్షల రూపాయల పరిహారాన్ని నిర్ణయించి, అందులో విద్యుత్ బోర్డుకు 60 శాతం, కళాశాలకు 30 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి 10 శాతం భారాన్ని పంచింది. నీరు విడిచినవారే కాదు, పిల్లలను అక్కడికి తీసుకువెళ్లినవారు కూడా బాధ్యులేనన్న ఈ పంపకం యాత్రా నిర్వహణ నేర్చుకొనే ప్రతి విద్యార్థికీ తెలిసి ఉండాలి.

ఈ తీర్పులను పొలానికి అన్వయించినప్పుడు వ్యవసాయ శాస్త్రం, న్యాయశాస్త్రం ఒకదానికొకటి అవసరమవుతాయి. పాలిథీన్ పట్టా పరచిన సేద్యపు కుంట చూడటానికి లోతు తక్కువగా కనిపిస్తుంది. దాని జారుడు అంచుల వలన లోపల పడిన పిల్లవాడు పైకి ఎక్కలేడు. వరలు లేని బావి, మూత లేని మోటారు స్టార్టరు, అందుబాటులో ఉంచిన పురుగుమందు డబ్బా, గడ్డి కత్తిరించే యంత్రం, అడవి పందుల కోసం అక్రమంగా అమర్చిన విద్యుత్ తీగ అన్నీ రైతుకు అలవాటైన ప్రమాదాలే. అతిథికి అవి కనబడని ప్రమాదాలు. యజమానికి తెలిసి, అతిథికి తెలియని అపాయం గురించి హెచ్చరించడం, వీలైతే దానిని తొలగించడం శ్రద్ధాబాధ్యతలో తొలి మెట్టు. మందు చల్లిన మడిలోకి ఎన్ని రోజుల వరకు అతిథులను అనుమతించరాదో చెప్పగలవాడు వ్యవసాయ పట్టభద్రుడు. ఆ సమాచారాన్ని చెప్పకపోవడం నిర్లక్ష్యమని చెప్పగలవాడు న్యాయం చదివినవాడు.

అతిథులను ట్రాక్టరు ట్రాలీలో పొలమంతా తిప్పడం ఎంతో ఆకర్షణీయమైన వినోదం. అయితే వ్యవసాయ పనికి నమోదైన ట్రాలీ ప్రయాణికుల వాహనం కాదు. ప్రమాదం జరిగితే బీమా సంస్థ బాధ్యతను నిరాకరించే అవకాశం ఎక్కువ; అప్పుడు పరిహార భారం యజమానిపైనే పడుతుంది. నిర్లక్ష్యం వలన మరణం సంభవిస్తే పరిహారంతో పాటు నేర బాధ్యత కూడా ఉన్నది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ అందుకు ఐదేళ్ల వరకు కారాగార శిక్షను నిర్దేశించింది. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేళ్లు మాత్రమే.

అప్పగించిన వస్తువు

అతిథి తన వాహనం తాళంచెవిని యజమానికి అప్పగించినప్పుడు ఏర్పడే సంబంధాన్ని కాంట్రాక్టు చట్టం బెయిల్‌మెంట్ అంటుంది. సామాన్య వివేకం గల వ్యక్తి తన సొంత వస్తువు పట్ల ఎంత జాగ్రత్త వహిస్తాడో, అప్పగించబడిన వస్తువు పట్ల కూడా అంతే జాగ్రత్త వహించాలని 151వ సెక్షన్ నిర్దేశిస్తుంది. ఇంతకంటె సులభంగా రైతుకు బోధపడే న్యాయసూత్రం మరొకటి ఉండదు. పొరుగువాని ఎడ్లను ఒక పూట కాపలా కాసినవాడు వాటిని తన ఎడ్లవలెనే చూడాలన్న పల్లె నీతియే చట్టంలో సెక్షనుగా మారింది.

1998లో ఢిల్లీలోని తాజ్ మహల్ హోటలుకు వచ్చిన అతిథి కారు తాళంచెవిని సిబ్బందికి ఇచ్చి లోపలికి వెళ్లగా, ఆ కారును మరొకరు అపహరించారు. 'వాహనాలకు యజమానులదే బాధ్యత' అని చీటీపై ముద్రించి ఉన్నది. 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఈ వివాదాన్ని పరిష్కరిస్తూ, వాహనం అప్పగింత రుజువైన తరువాత తమ వైపు నుండి తగిన జాగ్రత్త తీసుకున్నామని నిరూపించవలసిన భారం హోటలుదేనని, నిర్లక్ష్యానికి కలిగే బాధ్యతను ముద్రించిన షరతుతో తప్పించుకోలేరని స్పష్టం చేసింది. అతిథి తానే కారు నిలిపి తాళంచెవిని తన వద్దనే ఉంచుకుంటే పరిస్థితి వేరుగా ఉండవచ్చు. వస్తువు ఎవరి అధీనంలో ఉన్నదన్నదే ప్రశ్న. గోడపై రాసిన 'మాకు బాధ్యత లేదు' అన్న బోర్డు హెచ్చరికగా ఉపయోగపడవచ్చును గాని కవచంగా ఉపయోగపడదు.

భూమి ఎవరిది, హక్కు ఎంత

గదిలో బస చేసే అతిథికి ఆ గదిపై ఆస్తి హక్కు ఏర్పడదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం అది అనుజ్ఞ మాత్రమే. లీజు ద్వారా మాత్రం ఆస్తిపై హక్కు బదిలీ అవుతుంది. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న 1959లో ఒక హోటల్ కేసులోనే సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. న్యూఢిల్లీలోని ఇంపీరియల్ హోటలులో క్షౌరశాల నిర్వహణకు ఇచ్చిన గదులపై అది తలెత్తింది. తరువాతి కాలంలో భారత ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు ఆ తీర్పులో, పత్రానికి పెట్టిన పేరు కాదు, అందులోని సారమే నిర్ణాయకమన్న కొలమానాన్ని వివరించారు. ప్రత్యేక స్వాధీనం ఇచ్చారా, ఆస్తిలో హక్కు సృష్టించే ఉద్దేశం ఉన్నదా అన్నవి పరిశీలించవలసిన అంశాలు.

తోటను రిసార్టుగా నిర్వహిస్తామని ముందుకు వచ్చే సంస్థతో రైతు కుదుర్చుకునే 'నిర్వహణ ఒప్పందం' ఈ కొలమానంతో చదివితే ఒక్కొక్కసారి దీర్ఘకాలిక లీజుగా తేలుతుంది. షెడ్యూల్డు ప్రాంతాలలో ఈ ప్రశ్న మరింత తీవ్రమైనది. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, 1970లో సవరణ పొంది ప్రజల వాడుకలో '1/70 చట్టం'గా నిలిచినది, గిరిజనేతరులకు భూమిని అమ్మడాన్నే కాక లీజుకు ఇవ్వడాన్ని కూడా నిషేధిస్తుంది. బొర్రా ప్రాంతపు గనుల లీజులపై 1997లో వెలువడిన సమత తీర్పు, షెడ్యూల్డు ప్రాంతాలలో ప్రభుత్వ భూములను కూడా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని ప్రకటించింది. అరకులో గిరిజన కుటుంబం తానే బస నడిపితే అది జీవనోపాధి. అదే కుటుంబం పేరుతో బయటి పెట్టుబడిదారు నడిపితే అది చట్టం నిషేధించిన బదలాయింపుకు వేసిన ముసుగు. ఈ భేదం తెలియని పర్యాటక పట్టభద్రుడు, దురుద్దేశం లేకుండానే, గిరిజన రైతు భూమి చేజారడానికి సాధనం కాగలడు.

ఫిర్యాదు ఎక్కడ, నష్టం ఎవరికి

2020 జూలై నుండి అమలులో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, చెల్లించిన ప్రతిఫలం 50 లక్షల రూపాయల వరకు ఉన్న వివాదాలను జిల్లా కమిషన్ విచారిస్తుంది. వినియోగదారుడు తాను నివసించే చోటనే ఫిర్యాదు చేయవచ్చు. అందుకు రెండేళ్ల గడువు ఉన్నది. మారేడుమిల్లిలో బస చేసిన హైదరాబాదు కుటుంబం హైదరాబాదులోనే కేసు వేయగలదు. రైతు అక్కడికి తిరగవలసి వస్తుంది. కమిషన్ ఉత్తర్వును సివిల్ కోర్టు డిక్రీ వలెనే అమలు చేయవచ్చు.

పెద్ద హోటలు ఒక కేసు ఓడిపోతే ఆ సంవత్సరపు లాభంలో కొంత పోతుంది. సొంత పేరుతో వ్యాపారం చేసే రైతుకు వ్యాపార ఆస్తి, కుటుంబ ఆస్తి అన్న విభజన లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ వ్యవసాయదారుని జీవనానికి అవసరమైన పనిముట్లు, పశువులు, విత్తనాలతో పాటు అతడు నివసించే ఇంటిని కూడా జప్తు నుండి మినహాయిస్తుంది. సాగుభూమికి ఆ సెక్షనులో అటువంటి మినహాయింపు లేదు. అనగా రెండు గదుల అద్దె కోసం రైతు పణంగా పెడుతున్నది తన పొలాన్ని. ఈ వాస్తవాన్ని అతనికి ముందుగా చెప్పినవారు అరుదు. ప్రజాబాధ్యత బీమా అవసరాన్ని, అతిథుల ఆదాయం ఆదాయపు పన్ను దృష్టిలో వ్యవసాయ ఆదాయం కాదన్న సంగతిని, భోజనం అమ్మేవారికి ఆహార భద్రతా నమోదు తప్పనిసరి అన్న విషయాన్ని చెప్పవలసినది ఇదే సందర్భంలో.

భయమా, భద్రతా?

ఇన్ని చట్టాలను రైతు ముందు పరిస్తే అతడు భయపడి ఈ ప్రయత్నాన్నే విరమించుకుంటాడని, అతిథిని దైవంగా భావించే సంప్రదాయం ఉన్న దేశంలో చట్టం కంటె సద్భావమే ముఖ్యమని ఒక వాదన ఉన్నది. ఈ వాదనలో కొంత సత్యం లేకపోలేదు. అనుమతుల సంఖ్యను తగ్గించి, చిన్న గృహవసతులకు ఒకే చోట నమోదు సౌకర్యం కల్పించడం ప్రభుత్వాల బాధ్యత. అయితే అనుమతులను సడలించినంత మాత్రాన శ్రద్ధాబాధ్యత సడలదు. సద్భావం గల యజమాని ఇంటి బావికీ గట్టు ఉండాలి.

పైగా పైన వివరించిన భావనలు రైతు నుండి అసాధ్యమైనదేదీ కోరడం లేదు. సహేతుకమైన జాగ్రత్త, సామాన్య వివేకం, నిజమైన ప్రకటన, సమానమైన ఆదరణ మాత్రమే కోరుతున్నాయి. తగిన జాగ్రత్త తీసుకున్నప్పటికీ వస్తువుకు నష్టం జరిగితే బెయిలీ బాధ్యుడు కాడని 152వ సెక్షన్ చెబుతున్నది. అతిథి అడిగిన ప్రతిదానికీ తలవంచాలన్న నియమం కూడా లేదు. కనుక చట్టం తెలిసిన యజమానికి భయం తగ్గుతుంది. ఏది తన బాధ్యతో తెలిసినవానికే ఏది తన బాధ్యత కాదో చెప్పే ధైర్యం కలుగుతుంది.

బోధన మారవలసిన తీరు

మొదట, చట్టాల జాబితాతో కాక సంఘటనతో పాఠం ప్రారంభం కావాలి. 'అతిథి బిడ్డ సేద్యపు కుంటలో పడ్డాడు. కంచె ఉన్నది గాని తలుపు తెరచి ఉన్నది. తల్లిదండ్రులు ఫోనులో మాట్లాడుతున్నారు' అన్న పరిస్థితిని ఇచ్చి, బాధ్యతను ఎవరి మధ్య ఎలా పంచాలో విద్యార్థులచే వాదింపజేయాలి. అప్పుడు నిర్లక్ష్యం, సహ నిర్లక్ష్యం అన్న పదాలు నిర్వచనాలుగా కాక ఉపకరణాలుగా మారుతాయి.

రెండవది, వ్యవసాయ విద్యార్థులకు గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమం ఇప్పటికే ఉన్నది. ఆ కాలంలో ఆతిథ్య, న్యాయ విద్యార్థులను కూడా జతచేసి, బస నడుపుతున్న పొలాన్ని ముగ్గురూ కలిసి నడిచి చూసే ఏర్పాటు చేయవచ్చు. ఒకరు పురుగుమందుల గదిని, ఒకరు వంటశాలను, ఒకరు ఒప్పంద పత్రాన్ని పరిశీలిస్తే, ఒక పూటలో రైతుకు లిఖితపూర్వకమైన సలహా సిద్ధమవుతుంది.

మూడవది, గది కేటాయింపు పత్రం, రద్దు షరతులు, పొలంలోని ప్రమాదాల హెచ్చరిక, అతిథుల నమోదు పుస్తకం అన్నవి సులభమైన తెలుగులో, ఒక్కొక్క పేజీకి మించకుండా రూపొందించాలి. ఇంగ్లీషులో నకలు తీసిన షరతులను తానే చదవలేని యజమాని వాటిని అతిథికి వివరించలేడు. కృషి విజ్ఞాన కేంద్రాలు, 1987 నాటి చట్టం క్రింద ఏర్పడిన జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఈ పనిలో సహజ భాగస్వాములు కాగలవు. విత్తన ఎంపికకు శాస్త్రవేత్త సలహా తీసుకునే రైతు, ఒప్పంద పత్రానికి కూడా సలహా దొరికే చోటు ఉన్నదని తెలుసుకోవాలి.

నాల్గవది, పరీక్షలో చట్టం పేరు, సంవత్సరం అడగడం తగ్గించి, ఒక ప్రకటననో, రశీదునో, లీజు పత్రాన్నో ఇచ్చి అందులోని లోపాలను సరిదిద్దమని అడగాలి. చట్టాలు మారుతూనే ఉంటాయి. వినియోగదారుల చట్టం, శిక్షాస్మృతి, విదేశీయుల చట్టం ఈ కొద్ది సంవత్సరాలలోనే మారాయి. సంవత్సరాలను కంఠస్థం చేసిన విద్యార్థి జ్ఞానం వాటితో పాటు పాతబడుతుంది. బాధ్యత ఎక్కడ పుడుతుందో తెలిసిన విద్యార్థి కొత్త చట్టాన్ని కూడా చదువుకోగలడు.

పంటకు తెగులు సోకిన తరువాత మందు చల్లడం కంటె విత్తనశుద్ధి చౌక అన్న సంగతిని వ్యవసాయ విస్తరణ దశాబ్దాలుగా రైతుకు చెబుతున్నది. ఆతిథ్య రంగంలో న్యాయ పరిజ్ఞానం స్థానం కూడా అదే. కేసు దాఖలైన తరువాత న్యాయవాది అవసరం. బోర్డు కట్టకముందు, బయానా తీసుకోకముందు, కుంటకు కంచె వేయకముందు చట్టం తెలిసిన పర్యాటక విద్యార్థి అవసరం. అటువంటి విద్యార్థిని తయారు చేయడం ఆతిథ్య కళాశాలలకు ఎంత బాధ్యతో, పంట పొలాలను పర్యాటకానికి తెరవమని ప్రోత్సహిస్తున్న వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు కూడా అంతే బాధ్యత.